మంగళవారం మోగిన గిటారు

యేసుప్రసాద్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి చర్చి తలుపు తెరవాలి. తొమ్మిదింబావుకల్లా గిటారు మోగుతుందో లేదో తేల్చుకోవాలి. మోగితే మధ్యాహ్నం బడికి, మోగకపోతే పన్నెండున్నర బస్సుకు గుంతకల్లుకు. ఇందుకోసం సోమవారం నాడే హెడ్మాస్టరుకు సగంరోజు సెలవు చీటీ ఇచ్చాడు. కారణం దగ్గర 'సొంత పని' అని రాశాడు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో అంత నిజమైన కారణం ఆయన ఏ సెలవు చీటీలోనూ రాసిన పాపాన పోలేదు.

గిటారు ఇంటికొచ్చింది ఆదివారం సాయంత్రం. గుంతకల్లు రైల్వే కాలనీలో డెన్నిస్ అనే రిటైరైన ఇంజను డ్రైవరు దగ్గర కొన్నాడు. యాభై ఏళ్లు దాటిన జపాను సరుకు. లోపల డొల్ల లేదు, ఒళ్లంతా ఒకటే గట్టి చెక్క. ఎరుపు రంగు వెలిసి వెలిసి ఎండుమిరపకాయ రంగుకు దిగింది. డెన్నిస్ దాన్ని సంచిలో పెట్టి ఇస్తూ ఉన్నమాటే చెప్పాడు: "నా ఆంప్లిఫయర్ కాలిపోయి పదేళ్లయింది బాబూ. ఇప్పుడిది మాట్లాడుతుందో లేదో నాకు తెలీదు. తీసుకుపో, విను. మాట్లాడకపోతే మంగళవారం సాయంత్రంలోగా తెచ్చిచ్చేయ్. ఆరింటి రైలుకు బెంగళూరు వెళ్లిపోతున్నాను. ఇక రాను."

తంటా అంతా ఇక్కడే వచ్చింది. డొల్ల లేని గిటారు కరెంటు తగిలితే తప్ప నోరు విప్పదు. ఆదివారం రాత్రి యేసుప్రసాద్ మంచం మీద కూర్చుని ప్రాణం పెట్టి మీటుతుంటే, ఆయన భార్య రెజీనా చెవి దగ్గర పెట్టి విని, "చీమ దగ్గినట్ల ఉండాది" అంది. రెజీనా పక్క ఊరి సబ్ సెంటర్లో నర్సు. ఎవరి ఛాతీలో ఏ చప్పుడుందో చెప్పగల మనిషి. "దీనికంటే మన చపాతీ కర్ర నయం. కిందపడితే సప్పుడన్నా వస్తాది. సూడు, మోగితే ఉంచుకో, నేనేమీ అనను. మోగకుంటే మాత్రం మంగళారం దాటి ఒక్క పూట ఇంట్లో ఉండకూడదు."

మోగాలి. ఎందుకు మోగాలో కూడా చెప్పుకోవాలి. ఆలూరు మండలం రాళ్లకొట్టాల చర్చి గాయక బృందంలో యేసుప్రసాద్ ఇరవై రెండేళ్లుగా మామూలు గిటారు వాయిస్తున్నాడు. ఒక పక్క కీబోర్డు, ఒక పక్క డోలు, ముందు పదిమంది గొంతులు. పోయిన క్రిస్మస్‌నాడు ఆరాధన అయ్యాక సంఘ పెద్ద లేవి యేసుప్రసాద్ భుజం తట్టి, "నువ్వు కూడా వాయిస్తాండావా అబ్బీ? ఉత్తగా పట్టుకోని నిలబడినావేమో అనుకుంటి" అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకోకుండా, మంచిగానే అన్నాడు. అందుకే అది మరీ గట్టిగా తగిలింది. ఆ రాత్రి యేసుప్రసాద్ అన్నం తినలేదు. బతుకులో ఒక్కసారైనా ఈ ఊరు తన వాయిద్యం వినాలి, అంతే. అప్పటి నుంచి ఎలక్ట్రిక్ గిటారు కోసం కనబడిన వాళ్లనల్లా అడిగాడు.

ఊళ్లో ఆంప్లిఫయరున్నది చర్చిలో మాత్రమే. అది లేవి అధీనంలో ఉంటుంది. అరవై ఎనిమిదేళ్ల లేవి దాన్ని తన తువ్వాలతో తానే తుడుస్తాడు, కుట్టుపూల గుడ్డ కప్పుతాడు, ఇంకొకరి వేలు తగలనివ్వడు. అడిగితే ఇవ్వడని తెలిసినా, అడక్కుండా ఉండలేక యేసుప్రసాద్ మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకే వాళ్లింటికి పోయాడు. లేవి లేడు. ఆయన భార్య ప్రేమమ్మ వరండాలో కూర్చుని చింతపండు ఒలుస్తోంది.

"మీ చిన్నాయన ల్యాడు నాయనా. మిరప చేనికి నీళ్లు కట్టల్లని తెల్లారేలోపలే పాయె. ఫోను సూడు, ఆడ కిటికీలో ఛార్జింగు పెట్టి మర్సిపోయినాడు."

"మైకు వైరు ఒకటి సూడల్ల చిన్నమ్మా. బీగం చెవులిస్తే..."

అబద్ధం కాదు. వైరు చూడకుండా గిటారు తగిలించడం ఎవరి వల్లా కాదు. ప్రేమమ్మ చింతపండు చేతులు కడుక్కోవడానికి బద్ధకించి, "మేకుకు తగిలించిండాది, తీసుకో" అంది. యేసుప్రసాద్ చర్చి తాళంచెవులు తీసుకుని, ఎవరో తరుముతున్నట్టు చర్చి వైపు నడిచాడు.

రాళ్లకొట్టాల మైకు సంగతి తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆదివారాల్లో, పండగల్లో అది ఎంత మోగినా ఎవరూ తల తిప్పరు. కానీ మామూలు రోజున వేళ కాని వేళ మైకు తెరుచుకుని ఒక నెమ్మది పాట వినబడిందంటే ఊళ్లో ఎవరో పోయారని అర్థం. పాట ఒక చరణం అయ్యాక లేవి గొంతు వస్తుంది. "ప్రియ సంఘస్థులారా" అంటాడు, పేరు చెబుతాడు, మట్టి చేసే వేళ చెబుతాడు. ముప్పయ్యేళ్లుగా ఇదే పద్ధతి. పేరు వినబడేదాకా జడ వేసుకునేవాళ్లు దువ్వెన ఆపేస్తారు, అన్నం తినేవాళ్లు ముద్ద ఆపేస్తారు. అందులో కులం లేదు, మతం లేదు, ఊరంతా ఆగుతుంది.

ఈ పద్ధతి యేసుప్రసాద్‌కు తెలియక కాదు. బాకాలు మోగవని ఆయన ధీమా. ఆంప్లిఫయరు మీద లోపలి స్పీకర్ల స్విచ్ వేసి, చర్చి కప్పు మీద ఉన్న నాలుగు బాకాల స్విచ్ ఆపేశాడు. ఆ స్విచ్ సున్నాలు కొట్టినప్పుడే విరిగిందనీ, కరెంటు పనివాడు దాన్ని పక్కన పెట్టి వైరు నేరుగా కలిపేశాడనీ ఒక్క లేవికే తెలుసు. లేవికి బాకాలు ఆపే అవసరం ఎన్నడూ రాలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

తలుపులు మూశాడు, కిటికీలు మూశాడు. గిటారు వైరు ఆంప్లిఫయరులో గుచ్చాడు. ఇరవై రెండేళ్లుగా ఇలాంటి గిటారు చేతికొస్తే ఏం వాయించాలో మనసులో పెద్ద జాబితా ఉండేది. అన్నీ ఉరుకులు పరుగుల పాటలు. తీరా చేతిలో ఉన్నాక ఒక్కటీ గుర్తు రాలేదు. వేళ్లకు అలవాటైన పాట ఒక్కటే. ఊళ్లో ఎవరు పోయినా సమాధుల దొడ్డి దాకా నడుస్తూ ఆయన వాయించే నెమ్మది వరస. సరే, మోగితే చాలు, ఏదైతేనేం అనుకుని అదే ఎత్తుకున్నాడు.

మోగింది. మోగడమంటే మామూలుగా కాదు. ఒక్కో స్వరం లేచి, నిలబడి, గోడలు తాకి, ఎక్కడికో పోయి మళ్లీ తిరిగి వస్తోంది. పాత చెక్కలో ఉండే మహిమ ఇదే కాబోలు అనుకున్నాడు పిచ్చి మారాజు. ఆ తిరిగొస్తున్నది కప్పు మీది నాలుగు బాకాల మోత ఊరవతల రాళ్లగుట్టకు తగిలి వస్తున్న శబ్దమని ఆయనకేం తెలుసు? కళ్లలో నీళ్లు తిరిగాయి. చరణం తర్వాత చరణం వాయించాడు. తర్వాత గిటారు మీది చిన్న మీట రెండో వైపుకు తిప్పాడు. కరకరమంది. మళ్లీ ఇటు తిప్పాడు, మళ్లీ కరకర. మీటలో జబ్బు ఉంటే సగం గిటారు చచ్చినట్టే. ఇది గిటారు రోగమా, ఆంప్లిఫయరు రోగమా? గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. స్క్రూడ్రైవర్ తీసి గిటారును బోర్లా పడుకోబెట్టాడు.

ఊళ్లో అప్పటికే దువ్వెనలన్నీ ఆగిపోయి ఉన్నాయి.

కొళాయి దగ్గర సిద్దమ్మ బిందె పక్కకు జరిపి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వింటోంది. పాట అయింది. పేరు రాలేదు. ఇంకో చరణమైంది. పేరు రాలేదు. తర్వాత కరకర శబ్దం వచ్చి, అదీ ఆగిపోయింది. కొళాయి చుట్టూ చేరిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పాట వచ్చె, పేరు రాకపాయె. ముప్పై ఏండ్లలో ఎప్పుడన్నా ఇట్ల జరిగిందా?" అంది ఒకామె.

సిద్దమ్మ ఊళ్లో చాలామంది కంటే తెలివైనది. ఆ తెలివే కొంప ముంచింది. "పేరు చెప్పేది ఎవరు? లేవన్న. లేవన్న గొంతు రాలేదంటే ఏమర్థం? పేరు చెప్పాల్సినోడే ల్యాకపోతే ఇంగ పేరెవరు చెప్తారే!" అని బిందె అక్కడే వదిలేసి లేవి ఇంటి వైపు పరిగెత్తింది.

ప్రేమమ్మ మొదట నమ్మలేదు. "ఆయప్ప చేన్లో ఉండాడు" అంది. ఫోన్ చెయ్యమన్నారు. ఫోన్ కిటికీలో మోగింది. అది అలా ఒంటరిగా మోగుతుంటే ఆడవాళ్లలో ముగ్గురు ఏడుపు మొదలుపెట్టారు. చేనికి పక్కింటి మారెన్నను బండి మీద పంపారు. మారెన్న పావుగంటలో తిరిగొచ్చాడు. ఒక చేతిలో లేవి చెప్పులు, ఇంకో చేతిలో తువ్వాలు, మూత తెరవని సద్ది క్యారియరు.

"మనిషి ల్యాడమ్మా. చెప్పులు గట్టు మీద ఉండాయి. బోరు నడుస్తాండాది. నీళ్లు మడి దాటి దావలోకి పారుతాండాయి."

ఆ చివరి మాటతో ఎవరికీ అనుమానం మిగల్లేదు. బతికుండగా లేవి మడి దాటి చెంచాడు నీళ్లు పోనిచ్చిన మనిషి కాదు. ప్రేమమ్మ కూలబడిపోయింది. కమలాపురంలో ఉన్న కూతురు ప్రేమజ్యోతికి ఎవరో ఫోన్ చేశారు. ఆ పిల్ల ఏడుస్తూనే కారు మాట్లాడుకుని బయల్దేరింది.

సగం ఊరు చర్చి తలుపు మీద పడింది. యేసుప్రసాద్ గిటారు వెనక మూత బిగిస్తూ ఉలిక్కిపడి తలుపు తీశాడు. ఎదురుగా ముప్పై మంది, అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

"నీకెప్పుడు తెల్సెప్పా?" అంది సిద్దమ్మ.

"ఏది?"

"లేవన్న సంగతి. నీ పాట వినే గదా ఊరంతా కదిలొచ్చింది."

యేసుప్రసాద్ పై కప్పు వైపు చూశాడు. బాకాలు మోగాయన్నమాట! తప్పయిపోయింది, ఉత్తగా వాయించి చూస్తున్నాను అని చెప్పబోయాడు. నోరు తెరిచేలోపే మారెన్న ఆ చెప్పులు ఎత్తి చూపించాడు. మడి దాటి పారిన నీళ్ల సంగతి చెప్పాడు. అది విన్నాక యేసుప్రసాద్ కూడా నమ్మేశాడు. తాను ఆ పాట వాయిస్తున్న వేళకే లేవి చిన్నాయన ప్రాణం పోయిందన్నమాట! ఇదేం చోద్యం దేవుడా అనుకున్నాడు. తల పట్టుకుని గడప మీద కూర్చుండిపోయాడు. జనం దాన్ని దుఃఖం అనుకున్నారు. దుఃఖమే అది, కొంత భయం కూడా ఉంది.

"నువ్వీడనే ఉండి వాయిస్తాండు. పాట ఆగకూడదు" అన్నాడు మారెన్న. "పాస్టరయ్య కర్నూలు మీటింగులో ఉండాడు. పేరు కూడా నువ్వే చెప్పేయి. మేము బావులన్నీ సూసొస్తాము."

జనం వెళ్లిపోయారు. యేసుప్రసాద్ మళ్లీ ఒక్కడే మిగిలాడు. గిటారు ఒళ్లో పెట్టుకుని అదే వరస ఎత్తుకున్నాడు. నిజంగానే ఏడుస్తూ వాయించాడు. అయితే మనిషి మనసు పాడు కాను, మధ్యలో చెయ్యి తనంతట తానే ఆ మీట దగ్గరికి పోయింది. కరకర. అక్కడ లేవి ఇంటి ముందు, ఆ కరకర వినబడినప్పుడల్లా ఆడవాళ్లు గుండెలు బాదుకుని ఇంకో గుక్క ఎక్కువ ఏడ్చారు.

జేబులో ఫోన్ మోగింది. రెజీనా. "ఏమాయె? మోగిందా?"

"మోగింది. లేవి చిన్నాయన పోయినాడే."

"గిటారు మోగినందుకేనా?" అంది.

యేసుప్రసాద్ ఫోన్ పెట్టేసి మళ్లీ గిటారు ఎత్తుకున్నాడు.

లేవి ఇంటి దగ్గర పనులు ఆగకుండా సాగిపోతున్నాయి. ఓబుళేశు వచ్చాడు. లేవి చేను పక్క చేను ఆయనది. ఊళ్లో టెంటు హౌసు కూడా ఆయనదే. తన చేను మీదుగా పోయే కాలిదావ మూసేసి, లేవిని అరమైలు చుట్టు తిప్పి ఆరేళ్లవుతోంది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అలాంటి ఓబుళేశు ఎవరూ అడక్కుండానే టెంటు వేయించి, వంద కుర్చీలు దింపి, చేతిలో బంతిపూల మాలతో ప్రేమమ్మ ముందు నిలబడి నలుగురిలో బావురుమన్నాడు.

"తప్పు నాదేనమ్మా! ఆ దావ ఆయప్ప తాతల నాటిది. నాకు తెల్సు. తెల్సే మూసినా. ఒక్కసారి అడిగింటే ఇచ్చేటోన్ని. ఆయప్ప అడగలేదు, నేనియ్యలేదు. ఇంగ యాడ ఇస్తును!"

జనం కంటతడి పెట్టుకున్నారు. ఒక్కొక్కరు లేచి ఒక్కో సంగతి చెప్పారు. వరదొచ్చిన ఏడాది లేవి ఎవరింట్లో గింజలు లేవో కనుక్కుని మరీ పంచాడన్నారు. ఆయన కోపం గురించి కూడా ప్రేమగానే మాట్లాడారు.

చర్చిలో యేసుప్రసాద్‌కు పేరు చెప్పే ధైర్యం చాలడం లేదు. మైకు బల్ల మీద లేవి నోటు పుస్తకం ఉంది. ఎవరు పోయినా చదవడానికి ఆయనే రాసిపెట్టుకున్న వాక్యం, పేరుకూ వయసుకూ ఖాళీ వదిలి, ఒక్కో పేజీకి ఒక్కటి చొప్పున రాసి ఉంది. కొత్త పేజీలో ఆ ఖాళీలో 'దాసరి లేవి' అనీ, వయసు దగ్గర '68' అనీ నింపాడు. చదవబోతే కన్నీళ్లకు అక్షరాలు కనబడలేదు. మొహం కడుక్కుని వద్దామని మైకు అలాగే వదిలేసి, చర్చి ముందున్న కొళాయి దగ్గరికి పోయాడు.

సరిగ్గా అప్పుడే చర్చి పక్క తలుపు తోసుకుని లేవి లోపలికొచ్చాడు.

జరిగింది ఇంతే. మిరప మడిలో మోకాలి లోతు బురదలో నిలబడ్డ లేవికి గాలి వాటున పాట వినబడింది. ఊళ్లో ఎవరో పోయారు, పేరు చెప్పడానికి తాను లేడు! పార వదిలేశాడు, నీళ్లు వదిలేశాడు, చెప్పుల మాటే మరిచిపోయాడు. బండి దారి చుట్టవుతుందని ఓబుళేశు అడ్డం వేసిన ముళ్లకంప దూకి, ఆరేళ్లుగా తొక్కని దావలో అడ్డంగా పడి నడిచాడు. పొదలు పెరిగి మూసుకుపోయిన ఆ దావ దాటేసరికి గంట దాటింది. అందుకే మారెన్నకు ఎదురు కాలేదు. అరవై ఎనిమిదేళ్ల ప్రాణం రొప్పుతూ బల్ల దగ్గరికొచ్చింది. పుస్తకం తెరిచి ఉంది, మైకు తెరిచి ఉంది. ఎవరో పుణ్యాత్ముడు పేరు కూడా రాసిపెట్టాడు. కళ్లజోడు చేన్లో ఉండిపోయింది కాబట్టి పుస్తకం చేతికందినంత దూరం పట్టుకుని, అలవాటైన రాగంలో ఎత్తుకున్నాడు.

"ప్రియ సంఘస్థులారా! మిక్కిలి దుఃఖముతో తెలియజేయునది ఏమనగా, మన సంఘ సభ్యులు శ్రీ దాసరి లేవి గారు, వయస్సు అరవై ఎనిమిది సంవత్సరములు, ఈ దినము ఉదయము ప్రభువునందు నిద్రించియున్నారు. వారి భూస్థాపన..."

అక్కడ ఆగాడు. నాలుగు బాకాల్లో కాగితం దగ్గరికి జరిపిన చప్పుడు, దూరం జరిపిన చప్పుడు వినబడ్డాయి. తర్వాత లేవి గొంతు అయోమయంగా అడిగింది: "మన ఊర్లో ఇంగో లేవి ఉండాడా?"

టెంటు కింద ఏడుపులన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. ప్రేమమ్మ తల ఎత్తింది. "ఆయప్ప గొంతే!" అంది. సిద్దమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుని, "సూడమ్మా, పోయినాక కూడా మైకు ఇంగొకరికి ఇయ్యల్యా" అంది.

బాకాల్లో ఈసారి ఒక చెంబు కిందపడిన శబ్దం, వెనకే యేసుప్రసాద్ కేక వినబడ్డాయి. "చిన్నాయనా! నువ్వు పోలేదా?"

"నేనెందుకు పోతానబ్బీ? ఎవరు రాసినారు ఇది?"

"నేనే చిన్నాయనా. నువ్వు పోయినావని ఊరంతా చెప్పె."

"ఊరికి ఎవరు చెప్పినారు?"

"నా గిటారు."

తర్వాత జరిగిన విచారణ కూడా బాకాల్లోనే జరిగింది. ఆదివారం నుంచి మంగళవారం దాకా, చీమ దగ్గు నుంచి కరకర దాకా యేసుప్రసాద్ ఏదీ దాచకుండా ఒప్పుకున్నాడు. టెంటు కింద వంద కుర్చీలూ నిండాయి, అందరూ విన్నారు. చివరికి లేవి, "ఇంగ ఆ కొయ్య ఈ చర్చి గడప తొక్కితే సూడు! నా మైకు మీద నన్నే సంపుతావా?" అని అరిచి మైకు ఆపేశాడు.

లేవి ఇంటికి నడిచొచ్చేసరికి ప్రేమమ్మ వీధిలోనే ఎదురొచ్చింది. ఆయన బురద చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి, తర్వాత ఫోను మరిచిపోయినందుకు ఊరందరి ముందూ తిట్టింది. ప్రేమజ్యోతికి మళ్లీ ఫోన్ చేశారు. ఆమె అప్పటికి తాడిపత్రి దాటింది. "సగం దావ వచ్చినా, ఇంగ నాయన్ని సూసే పోతా. బతికుంటే ఇంగా మంచిది" అని ముక్కు చీదింది.

జనానికి ఇళ్లకు పోవాలనిపించలేదు. అందరికంటే ఇరుకున పడినవాడు ఓబుళేశు. చేతిలో బంతిపూల మాల ఉంది. చెయ్యకూడని ఒప్పుకోలు చేసేశాడు. బతికి ఉన్న మనిషికి దావ ఇవ్వక తప్పదు. మాల ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి ముందుకెళ్లి లేవి మెడలో వేశాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. ఎవరింట్లో నుంచో శాలువా వచ్చింది. చావుకూ సన్మానానికీ కావలసిన సామాను ఇంచుమించు ఒకటే కాబట్టి కొత్తగా తేవలసిందేమీ లేకపోయింది. పొద్దున చెప్పిన మాటలనే జనం మళ్లీ లేచి చెప్పారు. 'ఉండె' అన్నచోట 'ఉండాడు' అన్నారు, అంతే తేడా. మాల వేసుకున్న లేవి తన గురించి అన్నీ విన్నాడు. మొదట కోపంగా, తర్వాత తల వంచుకుని విన్నాడు.

యేసుప్రసాద్ టెంటు చివర గిటారు సంచి కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. పన్నెండూ ఇరవై. మోగింది. మోగితే ఉంచుకోవచ్చు. కానీ వాయించే చోటే లేకపోతే ఉంచుకుని ఏం చేస్తాడు? ఇంట్లో చీమ దగ్గు వింటూ కూర్చోవాలా? పైగా ఆ కరకర సంగతి ఇంకా తేలలేదు. బస్సుకు పోవడమే మంచిదనుకుని సంచి జిప్పు లాగాడు. ఏడుపొచ్చింది. పొద్దున్నుంచీ ఆయన ఏడ్చిన ఏడుపుల్లో ఇదొక్కటే అచ్చంగా తన కోసం ఏడ్చింది.

"రెండు మాటలు చెప్పు లేవన్నా" అన్నారు జనం. లేవి లేచాడు. ముప్పయ్యేళ్లు మైకులో మాట్లాడిన మనిషికి మైకు లేకుండా మాట్లాడ్డం కష్టంగా ఉంది.

"నేను చేన్లో ఉంటి" అన్నాడు. "పాట వినబడె. ఎవరు పోయినారో నాకు తెల్వదు. పేరు తెల్వకుండా ఎవరికోసరం ఏడుస్తాము? అయినా ఏడ్సినా. నీళ్లు ఇడ్సిపెట్టి, దావ పొడుగునా ఏడ్సుకుంటానే వచ్చినా." శాలువా కొంగుతో మొహం తుడుచుకుని టెంటు చివరికి చూశాడు. "ఏమబ్బీ, యాడికి లేస్తాండావు? కుచ్చో. శానా బాగుండాది నీ వాయిద్యం. ఇరవై ఏండ్లుగా ఆ కీబోర్డు సప్పుడులో నాకు వినబడనే ల్యా."

యేసుప్రసాద్ కూర్చున్నాడు. గుంతకల్లు బస్సు వీధి చివర రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఆయన తల కూడా తిప్పలేదు.

"ఆ కరకర ఒకటుంది చిన్నాయనా, అదే..."

"అది మన ఆంప్లిఫయర్ది లేప్పా. మూడేండ్లయె. గుచ్చే కాడ వదులైంది. నేను మాట్లాడేటప్పుడు ఏలితో అదిమి పట్టుకుంటా" అన్నాడు లేవి. తర్వాత పెద్దరికం గుర్తొచ్చి ఒక షరతు పెట్టాడు. ఆదివారం కాక మరే రోజు గిటారు ముట్టినా ముందు మైకులో 'ఎవరూ పోలేదు' అని మూడుసార్లు చెప్పాలి. చెప్పేది మాత్రం తానే.

నాలుగింటికి డెన్నిస్ ఫోన్ చేశాడు. సామాను కట్టేసినట్టున్నాడు, గది బోసిగా ఉండి గొంతు గంగాళంలోంచి వచ్చినట్టుంది.

"మాట్లాడిందా బాబూ?"

"మాట్లాడిందంకుల్. నేనే ఉంచుకుంటా."

"నలుగురిలో వాయించావా? ఇంట్లో కూర్చుని వాయిస్తే దానికి నచ్చదు."

"ఊరంతా విన్నారంకుల్."

"ఓహో! ఏమన్నారు?"

యేసుప్రసాద్ నిజమే చెప్పాడు. "పోయినాయన కూడా బాగుందన్నాడంకుల్."